ఊసరవెల్లి జబ్బు పడిందని ఎలా గుర్తించాలి: రోజూ చూసుకోవాల్సినవి, వెంటనే కదలాల్సినవి

మా ఊసరవెల్లి బంగారి ఒక కీచురాయి మీద గురిపెట్టింది. రెండు కళ్లూ ముందుకి తిరిగాయి, నోరు కాస్త తెరుచుకుంది, నాలుక బయటికొచ్చింది. జానెడు దూరంలో ఉన్న పురుగుని అందుకోవాల్సిన నాలుక సగం దారిలోనే బలం చాలక వాలిపోయింది. తిరిగి లోపలికి తీసుకోవడానికి కూడా దానికి చాలాసేపు పట్టింది. అంతకు ముందురోజు వరకు తిండి బాగానే తింటోంది, రంగు బాగానే ఉంది అనుకున్నాను. తర్వాత డాక్టరు ఎక్స్‌రే చూపించి చెబితేగానీ తెలియలేదు, ఎముకల్లో కాల్షియం తగ్గడం కొన్ని వారాల కిందటే మొదలైందని.

ఊసరవెల్లిని పెంచడంలో అసలు కష్టం ఇక్కడే ఉంది. కుక్క మూలుగుతుంది, ఆవు మేత మానేసి తలవాల్చేస్తుంది. ఇది చివరిదాకా దాచుకుంటుంది. అడవిలో నీరసంగా కనపడినదాన్నే పాములూ పక్షులూ ముందు పట్టుకుంటాయి కాబట్టి ఆ దాచుకునే గుణం దానికి పుట్టుకతోనే వచ్చింది. మన కంటికి జబ్బుగా కనపడేసరికి చాలా రోజులు గడిచిపోయి ఉంటాయి. అందుకే జబ్బు లక్షణాల పట్టిక బట్టీ పట్టడం కన్నా, మీ ఊసరవెల్లి బాగున్నప్పుడు ఎలా ఉంటుందో రాసిపెట్టుకోండి. ఈరోజుని దాని నిన్నటితో పోల్చండి. నాకు పనికొచ్చింది ఆ పద్ధతే.

ఇక్కడ చెప్పేదంతా వెయిల్డ్ ఊసరవెల్లి గురించి. యెమెన్, సౌదీ అరేబియా ప్రాంతాల జీవి, తలమీద ఎత్తైన శిఖ ఉంటుంది. మడగాస్కర్ నుంచి వచ్చిన పాంథర్ రకం పెంచేవాళ్లకి కూడా చాలావరకు సరిపోతుంది, వేడి, తేమ అంకెలు మాత్రం కొంచెం మారతాయి.

ముందుగా చట్టం సంగతి

మన పొలంగట్ల మీద, తుమ్మకంపల్లో కనిపించే ఊసరవెల్లి వేరు. అది మన దేశపు జాతి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికి రక్షణ ఇచ్చింది. పట్టుకోవడం, పెంచడం, అమ్మడం నేరం. దానికి విషం ఉందని రాళ్లేసి కొట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. దానికి విషం లేదు. రోడ్డు దాటుతూ కనపడితే ఒక కర్ర మీదకి ఎక్కించుకుని అది వెళ్తున్న వైపే చెట్టు మీద దింపేయండి. గాయపడి ఉంటే అటవీ శాఖ వాళ్లకి చెప్పండి, ఇంటికి తేవద్దు.

వెయిల్డ్, పాంథర్ జాతులు అడవి జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైట్స్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్నాయి. 2024లో కేంద్రం తెచ్చిన నియమాల ప్రకారం ఇలాంటి విదేశీ జీవుల్ని ఉంచుకున్నవాళ్లు కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ల పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. జబ్బుల గురించి రాస్తూ ఇదెందుకు చెబుతున్నానంటే, కాగితాలు లేనివాళ్లు డాక్టరు దగ్గరికి వెళ్లడానికి భయపడతారు. ఆ ఆలస్యానికి బలయ్యేది జంతువు. కాగితాలు చూపించలేనివాళ్ల దగ్గర కొనొద్దు.

మొదటి అడుగు: ఒక నోట్‌బుక్, ఒక కాటా

వంటింట్లో వాడే డిజిటల్ కాటా చాలు, ఒక్కో గ్రాము తేడా చూపిస్తే సరిపోతుంది. కాటా మీద కొమ్మ పెట్టి అంకె సున్నా చేసి, ఊసరవెల్లిని దానంతట అది ఆ కొమ్మ పట్టుకునేలా చేయండి. చేత్తో లాగకండి. లాగితే గోళ్లు ఊడతాయి, కాళ్ల ఎముకలు కూడా దెబ్బతింటాయి. నేను ఆదివారం పొద్దున్న తిండి పెట్టకముందే తూస్తాను. పెద్దయిన ఆడ వెయిల్డ్ సాధారణంగా 90 నుంచి 120 గ్రాములుంటుంది. మగది ఇంకా ఎక్కువ తూగుతుంది. మా బంగారి బాగున్నప్పటి బరువు 112. అది 101కి వస్తే, అంటే పదోవంతు తగ్గితే, ఇంకేమీ తేడా కనపడకపోయినా డాక్టరు దగ్గరికి వెళ్లాలని నేను పెట్టుకున్న నియమం. పిల్లదైతే బరువు తగ్గడం కాదు, పెరగకపోయినా అనుమానించాలి.

పుస్తకంలో బరువుతో పాటు ఎన్ని పురుగులు తింది, రెట్ట ఎప్పుడు వేసింది, కుబుసం ఎప్పుడు వదిలింది, యూవీబీ ట్యూబు (ఎముకలకి కావాల్సిన అతినీలలోహిత కిరణాలిచ్చే దీపం) ఏ తేదీన మార్చాం అన్నవి రాయండి. నెలకోసారి అదే చోట, పగటి వెలుతురులో పక్కనుంచి, ముందునుంచి, పైనుంచి మూడు ఫోటోలు తీయండి. ఎముక వంపు, గొంతు కింద వాపు లాంటివి రోజూ చూసే కంటికి ఆనవు. రెండు నెలల తేడాతో ఫోటోలు పక్కపక్కన పెడితే అప్పుడు గుండె జారిపోతుంది.

రెండో అడుగు: పొద్దున్న ముట్టుకోకుండా ఐదు నిమిషాలు

దగ్గరికి వెళ్లకముందే దూరం నుంచి చూడండి. మనిషి కనపడగానే అది ఒళ్లు బిగించుకుని, ఉన్న ఓపికంతా తెచ్చుకుని బాగున్నట్టు నిలబడుతుంది.

రంగుతో మొదలుపెడదాం. మాట నిలబెట్టుకోని మనిషిని ఊసరవెల్లితో పోల్చడం మనకి అలవాటు. నిజానికి అది మన కళ్లుగప్పడానికి రంగు మార్చదు. పక్కనున్న ఆకు రంగుకి సరిపెట్టుకోవడం కూడా దాని ముఖ్యమైన ఉద్దేశం కాదు. చలి, వేడి, కోపం, భయం, జతకోరిక, ఇవి దాని రంగుని నడుపుతాయి. చర్మకణాల్లోని సూక్ష్మమైన గ్వానిన్ స్ఫటికాల మధ్య ఎడం మారడం వల్ల రంగు మారుతుందని 2015లో జెనీవా విశ్వవిద్యాలయ పరిశోధకులు పాంథర్ జాతి మీద చూపించారు. అంటే రంగు దాని ఒంటి పరిస్థితిని చెప్పే మాట. రాత్రి నిద్రలో పాలిపోయి ఉండటం మామూలే. పొద్దున్న వేడి బల్బు కింద ఒకవైపు ముదురురంగులోకి మారడం కూడా మామూలే, ఎండ పీల్చుకుంటోంది. ఒళ్లు వెచ్చబడ్డాక పచ్చదనం రావాలి. రోజంతా మట్టిరంగులోనో నలుపులోనో ఉండిపోయిందంటే చలి, భయం, నొప్పి, ఈ మూడిట్లో ఏదో ఒకటి ఉన్నట్టు.

పైడితల్లమ్మ సిరిమాను ఉత్సవం రోజు మా ఇంటినిండా చుట్టాలు. పిల్లలంతా కేజ్ చుట్టూ చేరారు. గంటలోపే బంగారి నల్లగా అయిపోయింది. కేజ్‌కి మూడువైపులా దుప్పటి కప్పి ఆ గది తలుపు మూసేశాం. సాయంత్రానికి మళ్లీ పచ్చగా వచ్చింది. కారణం తీసేస్తే పోయే నలుపు భయానిది. కారణం తీసేసినా మర్నాటికి పోనిది జబ్బుది.

రంగు కన్నా నేను ఎక్కువ నమ్మేది కళ్లని. ఆరోగ్యంగా ఉన్న ఊసరవెల్లి కళ్లు పగలంతా తెరిచే ఉంటాయి, ఒకటి అటు, ఒకటి ఇటు తిరుగుతూనే ఉంటాయి. పట్టపగలు కొమ్మ మీద కళ్లు మూసుకుని కూర్చుందంటే దాన్ని కునుకు అనుకోవద్దు. ఊసరవెల్లి పగలు కునుకు తీయదు. నీళ్లు తగ్గడం, విటమిన్ ఎ లోపం, కంట్లో నలుసు, యూవీ బల్బు మరీ దగ్గరగా ఉండటం, ఒంట్లో ఇన్‌ఫెక్షన్, ఇలా కారణాలు చాలా ఉన్నాయి, కానీ ఏదీ చిన్నది కాదు. ఒక కన్నే మూస్తే సమస్య ఆ కంట్లోనే ఉండొచ్చు. రెండూ మూస్తే ఒళ్లంతా బాగోలేదని లెక్క. ఒక్క మినహాయింపు ఉంది. ఒక్కోసారి, ముఖ్యంగా పడుకునే ముందు, కనుగుడ్డుని బుడగలా ఉబ్బించి, లోపల తిప్పి, మళ్లీ మామూలుగా అయిపోతుంది. అది కన్ను శుభ్రం చేసుకునే పద్ధతి. కాసేపట్లో తగ్గిపోతే భయం లేదు. వాపు అలాగే ఉండిపోతే చూపించాలి.

ఎక్కడ కూర్చుందో కూడా చూడండి. చెట్టుమీద బతికే జీవి కేజ్ అడుగున నేలమీద పడుకుందంటే, గుడ్లు పెట్టబోయే ఆడది కాకపోతే, అది ప్రమాదమే.

మూడో అడుగు: నీళ్లు

ఒక ఏప్రిల్‌లో మూడు రోజులు శ్రీకాకుళం పెళ్లికి వెళ్లాను. రోజూ రెండుసార్లు నీళ్లు కొట్టమని అమ్మకి చెప్పాను. ఆవిడ కొట్టింది కూడా. మూడోరోజు ఫోన్ చేసి, "ఇదేటి నాన్నా, పట్టపగలే కళ్లు మూసేసుకుంది? కంటి గుంట లోపలికి పోయినట్టుంది" అంది. ఆవిడ అనుభవంతో చెప్పిన మాట అక్షరాలా నిజం. లోటు నాదే, ఎంతసేపు కొట్టాలో నేను చెప్పలేదు. ఊసరవెల్లి గిన్నెలో నీళ్లు తాగదు. ఆకుల మీద జారే చుక్కల్ని నాకుతుంది. అదీ నీళ్లు పడగానే కాదు. మొదట కళ్లు కడుక్కుని, ఇంకాసేపటికి తాగడం మొదలెడుతుంది. నాలుగుసార్లు స్ప్రే నొక్కి ఆపేస్తే ఆకులు తడుస్తాయి గానీ దాని గొంతు తడవదు. పొద్దున్న, సాయంత్రం కనీసం రెండు మూడు నిమిషాలు ఆపకుండా కొట్టాలి. లేదా పైన సన్న చిల్లు పెట్టిన డబ్బాలోంచి పావుగంట చుక్కచుక్కగా మందార ఆకుల మీద పడేలా పెట్టాలి.

నీళ్లు చాలుతున్నాయో లేదో రెట్ట చెబుతుంది. కేజ్ అడుగున న్యూస్‌పేపర్ వేయండి, దాని మీద స్పష్టంగా తెలుస్తుంది. గోధుమరంగు రెట్టకి పక్కన తెల్లటి ముద్ద ఉంటుంది, అది దాని మూత్రం. తెల్లగా ఉంటే నీళ్లు సరిపోతున్నాయి. చివర కొంచెం పసుపు ఉన్నా పర్వాలేదు. ముద్దంతా నారింజరంగులో, ఎండిన ముక్కలా ఉంటే నీళ్లు బాగా తక్కువయ్యాయి. ఆ పెళ్లి నుంచి నేనొచ్చేసరికి పేపర్ మీద ఉన్నది పసుపుకొమ్ము విరిచినట్టే ఉంది. దానికి తోడు కళ్లు గుంటలు పడటం, తలమీద శిఖ పక్కలు లోపలికి పీక్కుపోవడం, చర్మం ముడతలు పడి అలాగే నిలబడిపోవడం కూడా ఉంటే, నీళ్లు కొడుతూ కూర్చుంటే సరిపోదు. డాక్టరు ఎక్కించాల్సి రావచ్చు. ఇలా పదేపదే నీళ్లు తక్కువైతే మూత్రపిండాలు దెబ్బతింటాయి, కీళ్లలో యూరిక్ ఆమ్లం పేరుకుపోయే గౌట్ వచ్చి వేళ్లు, మణికట్లు గట్టిగా వాస్తాయి.

సిరంజితో నోట్లో నీళ్లు పోయకండి. ఊపిరితిత్తుల్లోకి పోతాయి. టబ్బులో స్నానం చేయించడం కూడా వద్దు, అది దానికి మునిగిపోతున్న భయం తప్ప ఏమీ ఇవ్వదు.

నాలుగో అడుగు: ఊపిరి

మన ఉత్తరాంధ్ర తీరంలో గాలిలో తేమ ఎప్పుడూ ఎక్కువే. ఎడారి అంచు కొండల నుంచి వచ్చిన ఈ జీవికి ఇక్కడ తేమ తక్కువవుతుందన్న భయం అక్కర్లేదు. గాలి ఆడకపోవడమే మన దగ్గర ప్రమాదం. అద్దాల ట్యాంకు, పైన మూత, లోపల రోజంతా తడి, పక్కన వేడి బల్బు, ఇవన్నీ కలిస్తే ఊపిరితిత్తుల ఇన్‌ఫెక్షన్ వస్తుంది. నాలుగువైపులా జాలీ ఉన్న కేజ్ వాడండి, ఒక స్ప్రేకీ మరో స్ప్రేకీ మధ్య ఆకులు ఆరాలి.

నోరు తెరవడానికి రెండు కారణాలుంటాయి, వీటిని కలగాపులగం చేసుకోవద్దు. బల్బు కిందో ఎండలోనో నోరు తెరిచి, రంగు పాలిపోయి ఉంటే వేడెక్కింది. వెంటనే నీడకి మార్చి నీళ్లు కొట్టండి, కాసేపట్లో నోరు మూస్తుంది. ఎండ కాచుకునే చోట 30 డిగ్రీలకి కాస్త అటూఇటూగా ఉంటే చాలు. మే నెలలో మన ఇళ్లల్లో గదే అంత వేడిగా ఉంటుంది కాబట్టి ఆ రోజుల్లో వేడి బల్బు ఆపేయడమే మేలు.

నీడలో, చల్లటి పొద్దుటిపూట కూడా నోరు కొద్దిగా తెరిచి తల పైకెత్తి పెడుతోందంటే అది వేరే సంగతి. గాలి అందక అలా చేస్తుంది. చెవి దగ్గర పెట్టి వినండి. ఈల లాంటి చప్పుడు, చిటపట శబ్దం, నోటి అంచున నురగ, తీగల్లా సాగే జిగురు, వీటిలో ఏది ఉన్నా యాంటీబయాటిక్ అవసరమయ్యే జబ్బు. ఇంట్లో తగ్గదు. మనుషుల ఆవిరి మందులు, బామ్‌లు కేజ్ దరిదాపుల్లోకి రానివ్వద్దు.

తుఫాను రోజులు ప్రత్యేకంగా చూసుకోవాలి. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్, 2018 అక్టోబర్‌లో తిత్లీ వచ్చినప్పుడు మన వైపు ఎన్ని రోజులు కరెంటు లేకుండా ఉన్నామో మర్చిపోలేం. అలాంటప్పుడు వేడి బల్బు ఉండదు, ఎండ ఉండదు, గాలంతా తడి. ఆ రోజుల్లో స్ప్రే బాగా తగ్గించండి, కేజ్‌ని గోడవారగా ఈదురుగాలి తగలని చోట పెట్టండి, తిండి తగ్గించండి. ఒళ్లు చల్లగా ఉంటే తిన్నది అరగదు. ఎండ వచ్చాక వారం రోజులు దాని ఊపిరిని జాగ్రత్తగా వినండి.

ఐదో అడుగు: ఎముకలు

నేను దెబ్బతిన్నది ఇక్కడే, అందుకే కాస్త ఎక్కువ చెబుతాను. పెంపుడు ఊసరవెల్లుల్లో ఎముకలు మెత్తబడే జబ్బు ఎక్కువగా కనపడుతుంది. ఇది దాదాపు పూర్తిగా మన పెంపకం లోపం వల్ల వచ్చేదే.

పురుగుల్లో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. కాల్షియం వేసినా దాన్ని ఒంటికి పట్టించడానికి విటమిన్ డి3 కావాలి. డి3 తయారవ్వాలంటే చర్మం మీద యూవీబీ కిరణాలు పడాలి. ఈ మూడిట్లో ఏది తెగినా రక్తంలో కాల్షియం నిలబెట్టడానికి ఒళ్లు ఎముకల్లోంచి లాక్కుంటుంది. మామూలు ట్యూబ్‌లైట్‌లో యూవీబీ లేదు. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండలో లేదు, అద్దం ఆపేస్తుంది. మా దగ్గర సరైన యూవీబీ ట్యూబే ఉంది. అది పద్నాలుగు నెలలుగా వెలుగుతోంది. వెలుగుతోంది కదా అని నేను మార్చలేదు. ట్యూబు కంటికి కనపడే వెలుగు ఇస్తూనే ఉంటుంది, అందులోంచి యూవీబీ మాత్రం నెలలు గడిచేకొద్దీ తగ్గిపోతుంది. రకాన్ని బట్టి ఆరు నెలల నుంచి ఏడాది లోపు మార్చాలి. పైగా బంగారి అంతకు ముందే ఒకసారి గుడ్లు పెట్టింది, పెంకులకి కూడా కాల్షియం దాని ఒంట్లోంచే పోయింది.

గుర్తులు ఒక వరుసలో వస్తాయి. మొదట నాలుక గురి తప్పుతుంది, లేదా అందాల్సిన దూరం అందదు. ఊసరవెల్లి నాలుక ఒంటి పొడవుకి ఒకటిన్నర రెట్ల దాకా సాగగలదు. ఆ విసురు తగ్గిందంటే కండరానికి కాల్షియం చాలడం లేదు. కొన్నిసార్లు కంటి జబ్బు వల్ల కూడా గురి తప్పుతుంది, ఏదైనా డాక్టరు చూడాల్సిందే. తర్వాత పట్టు సడలుతుంది. దాని పాదంలో వేళ్లు రెండు, మూడుగా రెండు కట్టలై పటకారులా కొమ్మని పట్టుకుంటాయి. వేలు అందిస్తే బాగున్న ఊసరవెల్లి గోళ్లు గుచ్చుకునేంత గట్టిగా పట్టుకుంటుంది. నడుస్తూ కొమ్మకి బదులు తన కాలినే తాను పట్టుకోవడం మొదలెట్టిందంటే పరిస్థితి ముదిరింది. తర్వాత ముంజేతులు విల్లులా వంగడం, కింది దవడ మెత్తబడి నోరు సరిగా మూయలేకపోవడం, వెన్ను వంకర, ఒళ్లు వణకడం. వణుకు కనపడిన రోజే డాక్టరు దగ్గరుండాలి, కాల్షియం బాగా పడిపోతే ఫిట్స్ వస్తాయి.

మా బంగారి నెలల మందుతో కోలుకుంది. నాలుక మళ్లీ జానెడు దూరం అందుకుంటోంది. ఎడమ ముంజేయి వంపు మాత్రం అలాగే ఉండిపోయింది. వంగిన ఎముక తిరిగి నిటారు కాదు.

ఇది రాకుండా చూసుకోవడం చవక. డి3 లేని కాల్షియం పొడి ప్రతిసారీ పురుగుల మీద పల్చగా చల్లండి. డి3, విటమిన్లు ఉన్న పొడి నెలకి రెండుసార్లు చాలు, ఎక్కువైతే మూత్రపిండాలకి చేటు, గొంతు కింద నీటివాపు వస్తుంది. పురుగులకి ఒకరోజు ముందు మునగాకు, తీపి గుమ్మడి పెట్టండి. మునగాకులో కాల్షియం మెండుగా ఉంటుంది, మన పెరట్లోనే దొరుకుతుంది. పొద్దుటి ఎండలో జాలీ కేజ్‌ని పావుగంట, సగం నీడ ఉండేలా పెట్టండి. అద్దాల డబ్బాలో ఎప్పుడూ ఎండలో పెట్టకండి, నిమిషాల్లో ఉడికిపోతుంది.

ఆరో అడుగు: నోరు, చర్మం, వేళ్లు

నోరు బలవంతంగా తెరవక్కర్లేదు. తిండికి తెరిచినప్పుడు టార్చి వేసి చూడండి. చిగుళ్ల మీద పసుపు జున్నులాంటి పదార్థం, దవడ అంచున వాపు, నోటి మూలల్లో గడ్డ, దుర్వాసన, ఇవి ఇన్‌ఫెక్షన్ గుర్తులు. పాకే జీవుల చీము మన చీములా కారదు, గట్టి ముద్దలా ఉంటుంది. అందుకే చర్మం కింద గట్టి గడ్డ తగిలితే దాన్ని పిసకకండి, కోసి తీయాల్సింది డాక్టరు.

శిఖ మీదో వెన్ను మీదో నల్లగా మాడినట్టు మచ్చ వస్తే బల్బు కాల్చింది, బల్బుని దూరం జరపండి. కుబుసం ముక్కలు ముక్కలుగా ఊడిపోవాలి. వేళ్లకి, తోక చివర ఉంగరంలా చుట్టుకుని ఉండిపోతే రక్తం ఆడక ఆ చివర నల్లబడిపోతుంది. లాగకండి, రెండు మూడు రోజులు స్ప్రే పెంచితే సాధారణంగా నానిపోతుంది.

ఏడో అడుగు: రెట్ట, తిండి

రంగు సంగతి పైన చెప్పాను. పలచగా, జిగురుగా, ఎప్పుడూ లేని కంపుతో వరుసగా రెండు మూడుసార్లు వస్తే పరాన్నజీవులు ఉండొచ్చు. తాజా రెట్టని చిన్న డబ్బాలో అదేరోజు మైక్రోస్కోప్ పరీక్షకి ఇవ్వాలి. పొట్టలోని పురుగు కంటికి కనపడకపోయినా రెట్టలో దాని గుడ్లు ఉంటాయి. కొత్తగా తెచ్చినదానికి బాగున్నా ఒకసారి ఈ పరీక్ష చేయించండి.

వరిచేల గట్ల మీద మిడతలు ఉచితంగా దొరుకుతాయి కదా అని పట్టి పెట్టడం ఇక్కడ చాలామంది చేసే తప్పు. చేలో కొట్టిన పురుగుమందు ఆ మిడతలోనే ఉంటుంది. జీడితోటల్లోనూ ఇదే సంగతి. ఇంట్లో పెంచిన కీచురాళ్లే మంచివి. మందు తిన్న పురుగు వల్ల వచ్చే వణుకు, చొంగ, కాళ్లు చచ్చుపడటం గంటల్లో మొదలవుతాయి.

పెద్దది రెండు మూడు రోజులు తినకపోతే అంత టెన్షన్ పడక్కర్లేదు, బరువు నిలకడగా ఉందా చూడండి. పిల్లది రెండు రోజులు తినకపోతే ఆగొద్దు.

ఆడదైతే ఇంకో జాగ్రత్త

మగది లేకపోయినా ఆడ వెయిల్డ్ గుడ్లు పెడుతుంది. ఇది తెలియక చాలామంది పోగొట్టుకుంటారు. కేజ్ అంతా తిరగడం, మూలలు గోకడం, తిండి మానేయడం, పొట్ట పక్కలు ఎత్తుపల్లాలుగా కనపడటం గుడ్లు దగ్గరపడ్డాయని చెబుతాయి. అప్పుడు కనీసం అడుగు లోతు తడి ఇసుక ఉన్న బకెట్ లోపల పెట్టి, చుట్టూ గుడ్డ కప్పి, తొంగిచూడకుండా వదిలేయాలి. ఎవరైనా చూస్తున్నారని తెలిస్తే తవ్వడం ఆపేస్తుంది. ఇసుకని పిడికిలితో నొక్కితే విరగకుండా నిలబడాలి, నీళ్లు కారకూడదు.

తవ్వి తవ్వి గుడ్లు పెట్టకుండా నీరసపడిపోవడం, కళ్లు గుంటలు పడి అడుగున పడుకోవడం గుడ్లు ఇరుక్కున్నాయనడానికి గుర్తు. రాత్రయినా సరే, డాక్టరుకి ఫోన్ చేయాలి.

ఈరోజే వెళ్లాల్సినవి

పగలు రెండు కళ్లూ మూయడం, నీడలోనూ నోరు తెరిచి ఉండటం, వణుకు, కొమ్మ మీంచి పడిపోవడం, గుడ్లు ఇరుక్కోవడం, తోక మొదట్లోంచి గులాబీరంగు కండ బయటికి రావడం. చివరిదాన్ని చేత్తో లోపలికి తోయకండి. శుభ్రమైన తడి గుడ్డతో ఆరిపోకుండా ఉంచి తీసుకెళ్లండి. నాలుక విసురు తగ్గడం, పదోవంతు బరువు తగ్గడం, నారింజరంగు మూత్రం తగ్గకపోవడం రెండు మూడు రోజుల్లో చూపించాల్సినవి. కుబుసం ఇరుక్కోవడం, ఒకపూట తిండి వద్దనడం ఇంట్లో చూసుకోవచ్చు.

డాక్టరు దగ్గరికి

పాకే జీవుల్ని చూసే డాక్టర్లు మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో తక్కువ. జబ్బు వచ్చాక వెతకడం మొదలుపెడితే ఆ రోజు గడిచిపోతుంది. బాగున్నప్పుడే ఫోన్లు చేసి, ఊసరవెల్లిని చూస్తారా అని అడిగి పెట్టుకోండి. శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. విజయనగరం నుంచీ, ఆమదాలవలస స్టేషన్ నుంచీ రైల్లో వెళ్లొచ్చు. వెళ్లేముందు ఫోన్ చేసి ఏ పరీక్షలు కుదురుతాయో కనుక్కోండి. స్థానిక డాక్టరు ఇలాంటిది ఎప్పుడూ చూడకపోతే, పాకే జీవుల వైద్యం తెలిసిన డాక్టరుతో ఫోన్లో మాట్లాడి మోతాదు ఖాయం చేసుకోమని మర్యాదగా అడగండి. కుక్కకి రాసే మోతాదు దీనికి పనికిరాదు. మన ఇంట్లో ఉన్న మాత్రలు ముక్క కూడా వేయకండి.

తీసుకెళ్లడానికి గాలి చిల్లులున్న అట్టపెట్టె చాలు. అడ్డంగా ఒక కొమ్మ కదలకుండా బిగించండి, కింద పాత తువ్వాలు వేయండి, మూత మూసేయండి. చీకట్లో అది కుదురుగా ఉంటుంది. ఎండాకాలమైతే పొద్దున్న మొదటి బండికే బయల్దేరండి. పెట్టెని కిటికీ పక్క ఎండలో పెట్టకండి, ఒళ్లోనే ఉంచుకోండి. తాజా రెట్ట ఉన్న డబ్బా, నోట్‌బుక్, ఫోటోలు, వాడుతున్న పొడుల డబ్బాలు, యూవీబీ ట్యూబు అట్టపెట్టె ఫోటో వెంట తీసుకెళ్లండి. నా నోట్‌బుక్‌లో డాక్టరు ముందు చూసిన పేజీ ట్యూబు మార్చిన తేదీ ఉన్నదే. అది చూశాకే ఎక్స్‌రే రాశారు.

ఇంటికొచ్చాక మందు ఏ పూట వేశారో అదే పుస్తకంలో రాయండి, తేరుకున్నట్టు కనపడినా డాక్టరు చెప్పిన రోజులన్నీ వేయండి. పెట్టె, తువ్వాలు, కేజ్ అడుగు పేపర్ మార్చాక చేతులు సబ్బుతో కడుక్కోండి. ఆరోగ్యంగా ఉన్న పాకే జీవుల రెట్టలో కూడా సాల్మొనెల్లా అనే బాక్టీరియా ఉండొచ్చు, ఇంట్లో చిన్నపిల్లలుంటే వాళ్ల చేతులు కూడా మీరే దగ్గరుండి కడిగించండి.